రెండు గొడుగుల చొక్కా

గాంధీ రోడ్డులో గొడుగులు బాగుచేసే చెంగల్రాయుడి కాడ
కమ్ములు విరిగినవి రెండు బేరం చేశా.
"గుడ్డకా, కమ్ములకా?"
గుడ్డకే అంటే తల గోక్కొని
పది రూపాయలు తగ్గించినాడు.

పోయిన కార్తీకంలో
తలకోన పైజలపాతం దాకా ఎక్కిన రోజు
నా నూలు చుడీదారు వానకి తడిసి
బిందెడు నీళ్ళు మోసింది.
నూలుగుడ్డ చల్లన అంటారు.
నిజమే,
ఆ రాత్రి పళ్ళు టకటక కొట్టుకునేంత చల్లన.
అంగట్లో వానచొక్కా నా జీతంలో మూడో వంతు,
అదీ మగవాళ్ళ కొలతకి.

ఒక్కో గొడుగుకి ఎనిమిది ముక్కలు.
కుట్లు విప్పుతా ఉంటే తెలిసింది,
ఏదీ తిన్నని త్రికోణం కాదని.
అంచుల్లో చిన్న వంపు,
ఏళ్ళ తరబడి గాలిని మోసిన ఉబ్బు.
ఇస్త్రీ పెట్టినా పోలేదు.
భుజాల కాడ పనికొస్తుందిలే అని
ఆ నాలుగూ పక్కన పెట్టా.

కొర్లగుంట మేడ మీద వదిన మిషను.
కింద అంగడి దస్తగిరన్న మెట్లెక్కి వచ్చి
"చొక్కానా, గాలిపటమా?" అని నవ్వి
పోతా పోతా సన్నసూది ఒకటి చేతిలో పెట్టినాడు.
"నూలైతే తప్పు కుట్టినా మన్నిస్తుంది.
దీన్ని విప్పినా బొక్క ఉండిపోతుంది, చూసుకో."
అందుకే గుండుసూదులు గుచ్చలేదు,
బట్టలారేసే క్లిప్పులతో పట్టి కుట్టా.
కుట్ల మీద కొవ్వొత్తి రుద్దా.
జిప్పు, మేనల్లుడి పాత బడిసంచిది.

జేబులు నాలుగు.
ఇన్నేళ్ళ లంగాలూ చీరలూ చుడీదార్లూ
నాకు బాకీపడ్డ జేబులు.
ఒకటి గాలాల డబ్బాకి,
ఒకటి ఎర్రల పొట్లానికి,
ఒకటి ఫోనుకి.
నాలుగోది దేనికీ కాదు,
ఉత్త చెయ్యి పెట్టుకోడానికి.

టమోటాల బండి తక్కెడలో వేస్తే
నూట ఇరవై గ్రాములు తూగింది.
"కేజీ ఎంతకిస్తావక్కా?" అన్నాడు బండాయన.

ఆదివారం తెల్లారకముందే రాయలచెరువు కట్ట.
తూర్పుగాలి చొక్కాలో దూరి
కాసేపు తిరిగి, మెడ కాడ బయటికొచ్చింది.
తర్వాత చినుకు.
చెవుల పక్కనే
గొడుగు కింద నిలబడినప్పటి చప్పుడు.
కానీ పట్టుకోడానికి పిడి లేదు,
రెండు చేతులూ గాలంకర్రకే.

మూడు జిలేబీ చేపలు, ఒక జెల్ల.
జెల్ల ఊరికే పోలేదు,
ముల్లుతో ముంజేతి కాడ బెత్తెడు చీల్చింది.

చీరిక చూపిద్దామని పోతే
దస్తగిరన్న చీరిక చూడలేదు.
చొక్కా తిరగేసి
లోపలి కుట్టు మీద బొటనవేలు నడిపినాడు,
చంకనుంచి నడుం దాకా, నిదానంగా.
తలెత్తకుండానే అడిగినాడు,
"నాకొకటి కుడతావా?
నేనూ వస్తా చెరువుకి."

నలభై ఏళ్ళు సగం తిరపతిని కొలిచిన టేపు
ఆయన మెడలోంచే తీసి
ఆయన మీదే పెట్టా.
చేతులు యాడ పెట్టుకోవాలో తెలీలేదు మనిషికి.
"ఊపిరి బిగబట్టద్దన్నా."
ఎన్ని వేలమందికి చెప్పుంటాడో ఆ మాట,
విని ఉలిక్కిపడినాడు.

కుడి భుజం
ఎడమదానికన్నా ముప్పావు అంగుళం కిందికుంది.
మళ్ళీ కొలిచా. అంతే.
"మిషను మీద వంగీ వంగీ..." అని
గోడకేసి చూసినాడు.
"రెండూ ఒకటే రాసుకోమ్మా, బాగుండదు."

నేను రెండు అంకెలు రాసుకున్నా.

రేపు గాంధీ రోడ్డుకి పోవాల.
మనిషి కొంచెం లావు, మూడు గొడుగులు పడతాయి.
చెంగల్రాయుడికి విషయం తెలిసిపోయుంటుంది,
ఈసారి పైసా తగ్గించడు.